షార్లమేన్: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో ఆఖెన్ అనే ఊరుంది. ఎంఎస్ చదవడానికి మన తెలుగు పిల్లలు వెళ్లే ఊళ్లలో అదొకటి. అక్కడ దిగిన కొత్తలో చాలామంది అడిగే మాట ఒకటే: "ఊళ్లో ఎక్కడ చూసినా ఈయన బొమ్మే, ఇంతకీ ఎవరీయన?" ఆయనే షార్లమేన్. కొన్నేళ్లుగా ఈయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను. స్నేహితులు, ఇంట్లో పిల్లలు, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఈయన్ని మెచ్చుకునేవాళ్లు బడుల గురించి చెప్పి ఆగిపోతారు. తిట్టేవాళ్లు తలలు నరికించిన సంగతి చెప్పి ఆగిపోతారు. రెండూ చేసింది ఒకే మనిషి. అందుకే ఇక్కడ ఏదీ దాచలేదు.

షార్లమేన్ ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

768 నుంచి 814 వరకు ఫ్రాంకులు అనే జర్మానిక్ జాతి ప్రజల రాజు. 774 నుంచి ఇటలీలోని లొంబార్డులకు కూడా రాజు. 800 డిసెంబర్ 25న రోమ్‌లో పోప్ చేతుల మీదుగా చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. ఇప్పటి ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్, జర్మనీలో చాలా భాగం, ఆస్ట్రియా, ఇటలీలో ఉత్తర, మధ్య ప్రాంతాలు, స్పెయిన్‌లో బార్సిలోనా వైపు అంచు ఆయన ఏలుబడిలో ఉండేవి. రోమన్ల తర్వాత పశ్చిమ ఐరోపాలో అంత నేల ఒక్కరి కింద ఉండటం అదే మొదలు.

పేరు ఎలా పలకాలి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

లాటిన్‌లో కరోలుస్ మాగ్నుస్. మాగ్నుస్ అంటే మహా, గొప్ప. ఫ్రెంచివాళ్లు దాన్నే షార్లమాన్య్ అన్నారు, జర్మన్లు కార్ల్ దేర్ గ్రోసె అంటారు. తెలుగు పుస్తకాల్లో షార్లమేన్, చార్లెమాన్ రెండూ కనిపిస్తాయి. ఏది రాసినా ఫరవాలేదు.

ఈ పేరుకి ఇంకో కథ ఉంది. రోమన్ సీజర్ పేరు జర్మన్‌లో కైజర్, రష్యన్‌లో త్సార్ అయినట్టే, కార్ల్ అనే ఈయన పేరు తూర్పు ఐరోపా భాషల్లో "రాజు" అనే మాటగా మారిపోయింది. చెక్‌లో క్రాల్, పోలిష్‌లో క్రుల్, రష్యన్‌లో కరోల్, హంగేరియన్‌లో కిరాయ్. పొరుగువాళ్లకు రాజంటే ఈయనే అనిపించి ఉండాలి.

ఈయన రాజవంశంలో పుట్టినవాడేనా?

పుట్టేనాటికి కాదు. ఏప్రిల్ 2న పుట్టాడని చెబుతారు. ఏడాది మీద పాత పుస్తకాల్లో 742 అని ఉంటుంది, ఇప్పుడు ఎక్కువమంది 748 అంటున్నారు. అప్పటికి ఫ్రాంకుల సింహాసనం మీద మెరోవింజియన్ వంశపు రాజు ఉండేవాడు కానీ పేరుకే. అసలు పెత్తనమంతా రాజభవనానికి పెద్దగా ఉండే అధికారిది. సతారాలో ఛత్రపతి పేరు మీద పూణేలో పేష్వాలు పాలించినట్టు అనుకోండి. షార్లమేన్ తాత చార్ల్స్ మార్టెల్ అలాంటి పెద్దే. 732లో పోయిటియర్స్ దగ్గర ముస్లిం సైన్యాన్ని ఓడించింది ఆయనే.

తండ్రి పెపిన్ ఇంకో అడుగు వేశాడు. అధికారం నడిపేవాడే రాజు అనిపించుకోవాలి కదా అని పోప్ దగ్గర మాట తీసుకుని, 751లో చివరి మెరోవింజియన్ రాజు మూడో చిల్డెరిక్‌ను దించి మఠానికి పంపేశాడు. 754లో పోప్ రెండో స్టీఫెన్ స్వయంగా ఆల్ప్స్ దాటి వచ్చి పెపిన్‌కు, ఆయన ఇద్దరు కొడుకులకు పవిత్ర తైలం పూసి అభిషేకం చేశాడు. అప్పటికి షార్లమేన్ చిన్నపిల్లాడు. రాజ్యానికి పోప్ ఆశీస్సులు, పోప్‌కి రాజు కత్తి అనే ఒప్పందం ఆ ఇంట్లో అప్పుడే మొదలైంది.

తమ్ముడి రాజ్యం లాక్కున్నాడా?

768లో పెపిన్ చనిపోతూ రాజ్యాన్ని ఇద్దరు కొడుకులకూ పంచాడు. అన్నదమ్ములకు పడలేదు. 769లో ఇప్పటి ఫ్రాన్స్ నైరుతిలో ఉన్న అక్విటేన్‌లో తిరుగుబాటు వస్తే తమ్ముడు కార్లొమాన్ సాయానికి రానేలేదు. ఆస్తి తగాదా యుద్ధందాకా పోయేదే, కానీ 771 డిసెంబర్‌లో కార్లొమాన్ ఉన్నట్టుండి చనిపోయాడు. తమ్ముడి భార్యాపిల్లలు ఉన్నారన్న మొహమాటమేమీ లేకుండా షార్లమేన్ ఆ భాగాన్ని వెంటనే కలిపేసుకున్నాడు. కార్లొమాన్ భార్య పసిపిల్లల్ని తీసుకుని లొంబార్డ్ రాజు డెసిడేరియస్ దగ్గరికి పారిపోయింది. ఆ డెసిడేరియస్ కూతుర్నే షార్లమేన్ పెళ్లాడి, ఏడాదికే పుట్టింటికి పంపేసి ఉన్నాడు. 773లో షార్లమేన్ ఆల్ప్స్ దాటి పావియా కోటను చుట్టుముట్టాడు, 774లో అది లొంగిపోయింది. డెసిడేరియస్‌ని మఠంలో పెట్టారు. తమ్ముడి పిల్లలు ఆయన చేతికి చిక్కారు. ఆ తర్వాత వాళ్ల పేరు చరిత్రలో మళ్లీ వినపడదు.

శాక్సన్లతో ముప్పై ఏళ్లు ఎందుకు యుద్ధం చేశాడు?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఆయన జీవితంలో ఎక్కువ కాలం దీనికే పోయింది, ఎక్కువ రక్తం పారిందీ ఇక్కడే.

శాక్సన్లు ఇప్పటి జర్మనీ ఉత్తర భాగంలో ఉండేవాళ్లు. వాళ్లకి ఒక రాజు అంటూ లేడు. తమ దేవుళ్లని తాము కొలుచుకునేవాళ్లు. సరిహద్దులో ఒకరి ఊళ్ల మీద ఒకరు పడి దోచుకోవడం రెండు వైపులా మామూలే. 772లో షార్లమేన్ వాళ్ల నేల మీదికి వెళ్లి ఇర్మిన్‌సుల్ అనే పవిత్ర స్తంభాన్ని కూల్చేశాడు. అక్కడినుంచి అది మామూలు సరిహద్దు గొడవ కాకుండా పోయింది. ఆయన గెలిచి వెనక్కి వెళ్లేవాడు, వాళ్లు మళ్లీ తిరగబడేవాళ్లు. విడుకింద్ అనే నాయకుడు వాళ్లని నడిపించాడు. ఇది 804 దాకా సాగింది.

782లో ఫ్రాంకుల దండు ఒకటి శాక్సన్ల చేతిలో ఘోరంగా దెబ్బతింది. షార్లమేన్ కోపంతో వచ్చి తిరగబడినవాళ్లని అప్పగించమన్నాడు. వెర్డెన్ అనే చోట ఒక్కరోజులో 4,500 మంది తలలు నరికించాడని ఫ్రాంకుల రాజవంశ చరిత్రలోనే రాసుకున్నారు. అంత సంఖ్య నిజమా అని చరిత్రకారులు వాదించుకుంటారు. నా మటుకు నాకు, సొంత ఆస్థానం వాళ్లే ఆ సంఖ్యను దాచకుండా రాసుకోవడమే భయం పుట్టించే విషయం.

ఆ కాలంలోనే శాక్సన్ల మీద ఒక శాసనం పెట్టాడు. బాప్తిస్మం వద్దని దాక్కుంటే మరణశిక్ష. చర్చిని అలక్ష్యం చేస్తూ ఉపవాస దినాల్లో మాంసం తింటే మరణశిక్ష. చనిపోయినవాళ్లని తమ పద్ధతిలో దహనం చేసినా మరణశిక్షే. చితి పేర్చడం మన ఇళ్లలో ఎంత మామూలో వాళ్లకూ అంత మామూలు. నాన్న శవాన్ని తాతని సాగనంపినట్టే సాగనంపిన కొడుకు తల తీస్తామన్నారు. ఆ వాక్యం చదివాక ఈ మనిషిని ఊరికే "మహా" అనడం నాకు కష్టమైంది.

785లో విడుకింద్ లొంగిపోయి అట్టిన్యీలో బాప్తిస్మం తీసుకున్నాడు, షార్లమేనే దగ్గరుండి కానుకలు ఇచ్చాడు. అయినా తిరుగుబాట్లు ఆగలేదు. ఆస్థానంలో ఉన్న ఆల్క్విన్ అనే పండితుడు దీన్ని తప్పుపట్టాడు. విశ్వాసం మనసుతో రావాలి, మనిషిని దాని వైపు నడిపించగలం కానీ బలవంతాన తోయలేం అని ఉత్తరాల్లో రాశాడు. 797లో కొత్త శాసనం వచ్చి చాలా మరణశిక్షలు జరిమానాలుగా మారాయి. 804లో చివరి దెబ్బగా వేల కుటుంబాలను ఎల్బె నది అవతలినుంచి లేపి, పెళ్లాంపిల్లలతో సహా రాజ్యంలో అక్కడొకరు అక్కడొకరుగా చెదరగొట్టాడు.

వెర్డెన్, వెర్దూన్ ఒకటేనా?

కాదు. పరీక్ష రాసేవాళ్లు జాగ్రత్త. వెర్డెన్ జర్మనీలో ఉంది, 782 నరమేధం జరిగిన చోటు. వెర్దూన్ ఫ్రాన్స్‌లో ఉంది, 843లో మనవళ్లు రాజ్యం పంచుకున్న ఒప్పందం ఆ పేరు మీద ఉంది.

రోలాండ్ కథ నిజమేనా?

కొంత. 778లో షార్లమేన్ స్పెయిన్‌లోకి వెళ్లాడు. జరగోజా నగరం తలుపులు తీస్తుందని నమ్మించారు, అది తీయలేదు. తిరిగి వస్తూ దారిలో, బాస్కులు అనే ఆ కొండప్రాంతపు జనం ఉండే పాంప్లోనా కోటగోడలు కూల్చాడు. ఆగస్టు 15న పిరనీస్ కొండల్లో రోన్సెవో కనుమ దాటుతుండగా బాస్కులు పైనుంచి విరుచుకుపడి, వెనక వస్తున్న దండునంతా చంపేశారు. చనిపోయినవాళ్లలో బ్రిటనీ సరిహద్దు చూసే అధికారి రోలాండ్ ఒకడు. చరిత్రలో ఆయనకు దక్కింది ఒక్క వాక్యమే.

మూడు వందల ఏళ్ల తర్వాత, 1100 ప్రాంతంలో, ఆ ఒక్క వాక్యం రోలాండ్ గీతం అనే వీరగాథ అయింది. అందులో దాడి చేసింది బాస్కులు కాదు, ముస్లింలు. షార్లమేన్‌కి రెండు వందల ఏళ్ల వయసు, పొడవాటి తెల్లగడ్డం. పల్నాటి వీరుల కథ పాటలో పెరిగినట్టే ఇదీ పెరిగింది. క్రైస్తవ సైన్యాలు జెరూసలేం వైపు నడుస్తున్న రోజుల్లో వినేవాళ్లకి ఏ శత్రువు కావాలో ఆ శత్రువే పాటలోకి వచ్చాడు.

పోప్ ఆయన తల మీద కిరీటం ఎందుకు పెట్టాడు?

పోప్‌కి ప్రాణభయం, షార్లమేన్‌కి హోదా అవసరం. 799 ఏప్రిల్‌లో రోమ్ వీధుల్లో ఊరేగింపు జరుగుతుండగా పోప్ మూడో లియో మీద ప్రత్యర్థులు పడి, కళ్లు పీకి నాలుక కోయబోయారు. ఆయన తప్పించుకుని ఆల్ప్స్ దాటి పాడర్‌బోర్న్‌లో ఉన్న షార్లమేన్ దగ్గరికి చేరాడు. 800లో షార్లమేన్ రోమ్ వచ్చి పంచాయితీ చేశాడు. డిసెంబర్ 23న లియో తన మీద వచ్చిన ఆరోపణలు అబద్ధమని అందరి ముందు ప్రమాణం చేశాడు. రెండు రోజుల తర్వాత క్రిస్మస్ ప్రార్థనలో షార్లమేన్ తల మీద కిరీటం పెట్టాడు. జనం జేజేలు కొట్టారు.

అప్పటికి రోమన్ చక్రవర్తి పీఠం కాన్‌స్టాంటినోపుల్‌లో ఉంది. దాని మీద 797లో కొడుకు కళ్లు పొడిపించి తనే గద్దెనెక్కిన ఐరీన్ ఉంది. ఆడది కూర్చుంటే పీఠం ఖాళీగా ఉన్నట్టేనని పశ్చిమాన కొందరు వాదించారు.

పోప్ ఇలా చేస్తాడని ముందే తెలిస్తే, ఎంత పెద్ద పండగైనా ఆ రోజు చర్చిలో అడుగుపెట్టేవాణ్ణి కాదని షార్లమేన్ అన్నట్టు ఆయన జీవిత చరిత్ర రాసిన ఐన్‌హార్డ్ చెబుతాడు. కిరీటం సంగతి తెలియదంటే నమ్మడం కష్టం. నాకనిపించేది, ఆయనకు నచ్చనిది కిరీటం కాదు, అది పోప్ చేతుల్లోంచి రావడం. 813లో కొడుకు లూయీని చక్రవర్తిని చేసినప్పుడు ఆ వేడుకను ఆఖెన్‌లో, పోప్ లేకుండా జరిపించాడు. 812లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి బైజాంటిన్ (తూర్పు రోమన్) రాయబారులు ఆఖెన్ వచ్చి ఆయన్ని గ్రీకులో చక్రవర్తీ అని పిలిచారు, ఆయన వెనిస్ మీద ఆశ వదులుకున్నాడు.

అయితే "పవిత్ర రోమన్ సామ్రాజ్యం" ఈయనతోనే మొదలైందా?

చాలామంది 800 నుంచి లెక్కిస్తారు. 962లో జర్మన్ రాజు మొదటి ఒట్టోకి కిరీటం పెట్టిన దగ్గరినుంచి లెక్కించేవాళ్లూ ఉన్నారు. ఆ పేరు మాత్రం షార్లమేన్ ఎప్పుడూ వినలేదు, ఇంకా తర్వాత పుట్టింది. 1806లో ఆ సామ్రాజ్యం ముగిసింది.

అంత పెద్ద రాజ్యాన్ని ఎలా నడిపాడు?

ఎక్కువగా గుర్రం మీదే. ముసలితనంలో తప్ప ఒకచోట స్థిరంగా లేడు. జిల్లాకి కౌంట్ అనే అధికారిని ఒకరిని పెట్టి, వాళ్లు ఎలా పనిచేస్తున్నారో చూడటానికి జంటగా తనిఖీదారులను పంపేవాడు. వాళ్లలో సాధారణంగా ఒకరు చర్చి మనిషి, ఒకరు దొర. శాసనాలు అంశాల వారీగా రాయించి పంపేవాడు.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది రాజు సొంత పొలాలు ఎలా చూసుకోవాలో చెప్పే శాసనం. చక్రవర్తి కాగితంలా ఉండదు, మంచి మోతుబరి రైతు పాలేరుకి చెప్పినట్టు ఉంటుంది. ద్రాక్షను కాళ్లతో తొక్కకండి. వెన్న, జున్ను, పిండి, సారా ఏది చేసినా చేతులు శుభ్రంగా ఉండాలి. పెద్ద లోగిళ్లలో వంద కోళ్లకి, ముప్పై పెద్దబాతులకి తగ్గకూడదు. తోడేళ్లు ఎన్ని చచ్చాయో లెక్క చెప్పి తోళ్లు పంపండి, మే నెలలో పిల్లల్ని వెతికి పట్టండి. క్రిస్మస్‌కల్లా లెక్కలు నా ముందుండాలి. చివర్లో తోటలో వేయాల్సిన మొక్కల జాబితా ఉంది. అందులో వెల్లుల్లి, ఉల్లి, ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు ఉన్నాయి. మన పోపుల డబ్బాలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది.

డబ్బు విషయంలో ఆయన చేసిన మార్పు ఏమిటి?

బంగారం పశ్చిమాన దొరకడం తగ్గిపోయింది. అందుకని వెండి నాణేన్ని గట్టిపరిచాడు. 793, 794 ప్రాంతంలో వచ్చిన కొత్త దెనారియస్ బరువు సుమారు 1.7 గ్రాములు. 12 దెనారియస్‌లు ఒక సొలిడస్, 20 సొలిడస్‌లు ఒక పౌండు, అంటే పౌండుకి 240. బ్రిటన్‌లో పౌండు, షిల్లింగ్, పెన్నీ లెక్క 1971 దాకా ఇదే. పెన్నీకి "డి" అని రాసేవాళ్లంటే అది దెనారియస్‌లోని డి.

794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభలో ధాన్యానికి గరిష్ఠ ధర కట్టాడు. పంట బాగున్నా, కరువొచ్చినా ఓట్స్ కొలతకి ఒక దెనారియస్, బార్లీకి రెండు, రై ధాన్యానికి మూడు, గోధుమకి నాలుగు దాటకూడదు.

ఆయనకు చదవడం, రాయడం వచ్చా?

లాటిన్ గలగలా మాట్లాడేవాడు. గ్రీకు అర్థమయ్యేది కానీ మాట్లాడటం అంతగా వచ్చేది కాదు. భోంచేస్తున్నప్పుడు ఎవరో ఒకరు పుస్తకం చదివి వినిపించాల్సిందే. సెయింట్ అగస్టీన్ రచనలు, ముఖ్యంగా "దేవుని నగరం", ఆయనకు ఇష్టం. రాయడం మాత్రం పట్టుబడలేదు. రాత పలకలు దిండు కింద పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు అక్షరాలు దిద్దేవాడనీ, చాలా ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల చేయి తిరగలేదనీ ఐన్‌హార్డ్ రాశాడు.

మరి సంతకం? ఆయన పత్రాల కింద ఒక ముద్ర లాంటి గీత ఉంటుంది. మధ్యలో చిన్న వజ్రం ఆకారం. దాని నాలుగు వైపులా చేతులు చాచినట్టు కె, ఆర్, ఎల్, ఎస్ అక్షరాలు. అచ్చులన్నీ ఆ వజ్రంలోనే ఇమిడిపోతాయి. కరోలుస్ అనే పేరు అలా పూర్తవుతుంది. ఇదంతా గుమస్తా గీసి పెడితే, వజ్రం లోపలి చిన్న గీత ఒక్కటి రాజు తన చేత్తో గీసేవాడు. దిండు కింద పలక పెట్టుకున్న ముసలాయన, ఎదురుగా తోలు కాగితం, ఒక్క గీత. ఆ పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

మనం ఇంగ్లిష్‌లో రాసే చిన్న అక్షరాలు ఈయన కాలంవేనా?

అవును, వాటి మూలం అక్కడిదే. అంతకుముందు ఒక్కో మఠానికి ఒక్కో చేతిరాత. ఒకచోట రాసింది ఇంకోచోట చదవలేకపోయేవాళ్లు. ప్రార్థన పుస్తకంలో తప్పు పడితే దేవుడికి చెప్పే మాటే తప్పవుతుందని షార్లమేన్‌కి బెంగ. 789 నాటి శాసనంలో మఠాల్లో, బిషప్పుల దగ్గర బడులు పెట్టమన్నాడు, పుస్తకాలు జాగ్రత్తగా సరిచూడమన్నాడు. 781లో ఇటలీలోని పార్మాలో ఇంగ్లండ్‌కు చెందిన ఆల్క్విన్‌ని కలిసి తన దగ్గరికి రప్పించుకున్నాడు. 796లో ఆల్క్విన్ తూర్ పట్టణంలో మఠాధిపతి అయ్యాడు, 804లో అక్కడే చనిపోయాడు.

ఆ రోజుల్లో కోర్బీ వంటి మఠాల్లో రూపుదిద్దుకున్న గుండ్రటి, విడివిడి అక్షరాలు రాజ్యమంతా పాకాయి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలడం అలవాటైంది. ఇప్పుడు దొరికే ప్రాచీన లాటిన్ గ్రంథాల్లో చాలావాటికి అన్నిటికంటే పాత ప్రతి ఈ కాలపు రాతగాళ్లు ఎత్తి రాసిందే. వాళ్లు చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ఎత్తి రాయకపోతే అవి మనదాకా వచ్చేవి కావు. పదిహేనో శతాబ్దంలో ఇటలీ పండితులు ఈ ప్రతులు చూసి, ఇది పురాతన రోమన్ల చేతిరాతే అనుకుని మోజుపడ్డారు. వాళ్లనుంచి అచ్చుకొట్టేవాళ్లకి, అక్కడినుంచి మన ఫోన్ కీబోర్డుకి వచ్చింది.

ఏనుగు కథ నిజమా?

పూర్తిగా నిజం. 797లో బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ దగ్గరికి ముగ్గురిని పంపాడు. ఇద్దరు తిరుగు దారిలో చనిపోయారు. మిగిలిన ఐజాక్ అనే యూదుడు అబుల్ అబ్బాస్ అనే ఏనుగుతో 801 అక్టోబర్‌లో ఇటలీ తీరంలో దిగాడు. ఆల్ప్స్ మీద మంచు పడటంతో చలికాలమంతా వెర్చెల్లీలో ఆగి, కొండలు దాటి 802 జూలై 20న ఆఖెన్ చేరాడు. పాపం ఐజాక్, ఆయన మాట్లాడిన ఒక్క మాటా ఎవరూ రాసిపెట్టలేదు. అంత దూరం ఏనుగుకి మేత వెతుక్కుంటూ ఎలా వచ్చాడో వినాలని నాకు చాలా ఆశ. డేన్ల (డెన్మార్క్ వాళ్ల) మీద యుద్ధానికి బయల్దేరిన 810లో రైన్ నది దగ్గర ఆ ఏనుగు చనిపోయింది.

807లో బాగ్దాద్ నుంచి ఇత్తడి నీటి గడియారం కూడా వచ్చింది. గంట కాగానే చిన్న గుండ్లు తాళం మీద పడి మోగేవి, పన్నెండు గంటలకి పన్నెండు మంది బొమ్మ రౌతులు కిటికీల్లోంచి బయటికి వచ్చేవారు.

మనిషి ఎలా ఉండేవాడు?

ఎత్తరి. ఆయనవని చెప్పే ఎముకలు కొలిచి సుమారు 184 సెంటీమీటర్లు అన్నారు. పొట్టి మెడ, కాస్త పొట్ట, ఆ శరీరానికి సన్నటి గొంతు. ఆయన ఉన్నప్పుడే వేసిన నాణెం మీద మీసం ఉంది, గడ్డం లేదు. నార చొక్కా, నార లాగు వేసుకునేవాడు, చలికాలంలో పైన నీటికుక్క తోలు కోటు. ఇనుప చువ్వ మీద కాల్చిన వేట మాంసమంటే ప్రాణం. ముసలితనంలో వైద్యులు కాల్చింది మానేసి ఉడకబెట్టింది తినమంటే వాళ్లంటేనే పగ పెంచుకున్నాడు. తాగుడు మాత్రం మితం. ఈత బాగా కొట్టేవాడు. ఆఖెన్‌ని ఎంచుకోవడానికి అక్కడి వేడినీటి ఊటలు పెద్ద కారణం. కొడుకుల్నీ, స్నేహితుల్నీ, ఒక్కోసారి కాపలావాళ్లనీ కూడా దిగమనేవాడు. వందమందికి పైగా ఒకేసారి నీళ్లలో ఉండేవారట.

కుటుంబం సంగతి?

భార్యలు, ఉంపుడుగత్తెలు కలిపి చాలామంది. పిల్లలు దాదాపు పద్దెనిమిది మంది. ఎక్కువమంది పిల్లల్ని కన్నది హిల్డెగార్డ్, 783లో చనిపోయింది. పెద్దకొడుకు గూని పెపిన్ 792లో తండ్రి మీద కుట్ర పన్ని దొరికిపోయి మఠం పాలయ్యాడు. కూతుళ్లంటే విపరీతమైన ప్రేమ. వదిలి ఉండలేనని ఎవరికీ పెళ్లి చేయలేదు. అల్లుళ్లు వస్తే రాజ్యంలో వాటా అడుగుతారనే భయం కూడా ఉండి ఉంటుంది. కూతురు బెర్తాకి ఆస్థాన కవి ఆంగిల్‌బర్ట్ వల్ల కొడుకులు పుట్టారు. వాళ్లలో ఒకడైన నితార్డ్ తర్వాత చరిత్రకారుడయ్యాడు.

అన్నీ గెలుపులేనా? ఓడిన పనులు లేవా?

793లో రైన్, డాన్యూబ్ నదుల్ని కలపాలని రేజాట్, ఆల్ట్‌ముల్ ఏళ్ల మధ్య కాలువ తవ్వించాడు. పగలు తవ్విన మట్టి వానకి రాత్రే జారి గుంటలో పడేది. చివరికి వదిలేశారు. బవేరియాలో గ్రాబెన్ అనే ఊళ్లో ఆ కందకం ఇప్పటికీ ఉంది, అక్కడ దొరికిన కలప 793లో నరికినదేనని తేలింది. మైన్జ్ దగ్గర రైన్ మీద కట్టించిన చెక్క వంతెన 813లో మూడు గంటల్లో కాలిపోయింది.

ఎలా చనిపోయాడు? తర్వాత రాజ్యం ఏమైంది?

లూయీకి అన్నలైన ఇద్దరు కొడుకులు 810, 811లో వరసగా పోయారు. ఆ దెబ్బకి కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. 814 జనవరిలో జ్వరం, ప్రక్కలో నొప్పి. ఎప్పట్లా లంఖణం చేస్తే తగ్గుతుందనుకున్నాడు. 28వ తేదీ ఉదయం చనిపోయాడు, ఆ రోజే ఆఖెన్ చర్చిలో పాతిపెట్టారు. పోగు చేసుకున్న పుస్తకాలు అమ్మి ఆ డబ్బు పేదలకివ్వమని అంతకుముందే రాయించాడు.

కొడుకు లూయీ ఉన్నంతకాలం లాక్కొచ్చాడు. తర్వాత ముగ్గురు మనవళ్లు కొట్టుకుని 843లో వెర్దూన్ ఒప్పందంతో మూడు ముక్కలు చేసుకున్నారు. పడమటి ముక్క ఫ్రాన్స్ వైపు, తూర్పు ముక్క జర్మనీ వైపు నడిచాయి, మధ్య ముక్క కోసం శతాబ్దాలు తన్నుకున్నారు. అంతకు ఏడాది ముందు ఇద్దరు అన్నదమ్ములు స్ట్రాస్‌బర్గ్‌లో ఒకరి సైన్యానికి అర్థమయ్యే భాషలో ఇంకొకరు ప్రమాణం చేశారు. ఫ్రెంచ్ భాషకి దొరికిన మొట్టమొదటి రాత అదే. దాన్ని మనకోసం రాసిపెట్టింది పైన చెప్పిన నితార్డ్, అంటే పెళ్లి కాని బెర్తా కొడుకు.

ఫ్రెంచివాడా, జర్మనా?

ఆయన ఫ్రాంకు. ఇంట్లో మాట్లాడింది జర్మన్‌కి దగ్గరి భాష. నెలలకీ, గాలులకీ ఆ భాషలో పేర్లు పెట్టాడు. కానీ ఎవరి అవసరానికి వాళ్లు ఆయన్ని లాక్కున్నారు. 1165లో జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా తన వైపు ఉన్న పోటీ పోప్‌తో ఆయన్ని పునీతుణ్ణి చేయించాడు. నెపోలియన్ తనని తాను ఆయన వారసుడిగా చూపించుకున్నాడు. నాజీలు ఫ్రెంచి వలంటీర్లతో కూడిన తమ ఎస్ఎస్ సైనిక దళానికి ఆయన పేరు పెట్టారు. ఆఖెన్ ఊరు 1950 నుంచి ఐరోపా ఐక్యతకి పాటుపడినవాళ్లకి ఆయన పేరు మీద బహుమతి ఇస్తోంది. ఐరోపాకి తండ్రి అని పిలిచే ఉపన్యాసాలు విన్నప్పుడల్లా నాకు వెర్డెన్ గుర్తొస్తుంది. ఆ మాట కూడా అదే వేదిక మీద చెప్పాలని నా కోరిక.

ఆఖెన్ వెళ్తే తప్పకుండా చూడాల్సింది ఏది?

ఆయన కట్టించిన ఎనిమిది మూలల ప్రార్థనాలయం, ఇప్పటి కథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) నడిబొడ్డు. రోమ్ నుంచి, రావెన్నా నుంచి స్తంభాలు తెప్పించాడు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల మొట్టమొదటి జాబితాలో చేరింది. ఎముకలున్న బంగారు పెట్టె కింద ఉంటుంది, 1215లో పూర్తయింది.

అందరూ కిందే చూసి వెళ్లిపోతారు. గైడ్‌తో టికెట్ తీసుకుని పై అంతస్తు ఎక్కండి, సింహాసనం అక్కడుంది. బంగారం, రత్నాలు ఏమీ లేవు. నాలుగు పాత పాలరాతి పలకలు, కంచు పట్టీలతో బిగించారు, ఎక్కడానికి ఆరు మెట్లు. 936 నుంచి 1531 వరకు జర్మన్ రాజులు వరసగా పట్టాభిషేకం రోజున ఎక్కి కూర్చున్నది దీనిమీదే. పక్క పలక మీద ఏవో గీతలుంటాయి, కొంచెం వంగి చూడండి. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు, వాటిని కలుపుతూ అడ్డగీతలు. మా అమ్మమ్మగారి ఊళ్లో అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని చింతపిక్కలతో ఆడిన దాడి ఆట గడులే అవి. ఆ రాయి సింహాసనం కాకముందు నేల మీదో గోడలోనో ఉన్నప్పుడు, పొద్దుపోక ఎవరో గీసుకున్నారు.